చైను పోయే వైపు

పండితుడు కళ్ళు మూసుకోమన్నాడు. పోలరాజు బుద్ధిగా మూసుకున్నాడు. మూసుకున్నాక దేవుడు కనిపించాలి కదా, నిన్న ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చి, షెడ్డులో బల్ల మీద ఎర్ర గుడ్డ పరిచి కూర్చోబెట్టిన విశ్వకర్మ, ఏనుగు మీద మీసం మెలేసుకుని కూర్చున్న నాలుగు చేతుల మట్టి విశ్వకర్మ. ఆయన కనిపించలేదు. చేప కనిపించింది. గోరంత ఇనప చేప. బైకు చైను రెండు కొసలూ కలిపాక ఆ అతుకు ఊడిపోకుండా పైన బిగించే లాక్ అది. ఒక కొస గుండ్రంగా మూసుకుని ఉంటుంది, అది తల. రెండో కొస చీలి ఉంటుంది, అది తోక. కంపెనీవాళ్ళు దానికి ఏం పేరు పెట్టుకున్నారో గానీ పర్సుడీహ్ బజారులోని ఈ షెడ్డులో మాత్రం నలభై ఏళ్ళుగా అది చేపే, పోలరాజు తండ్రి భీమారావు పెట్టిన పేరు. చేప తల ముందుకి ఉండాలి. తోక ముందుకుంటే, పోతూ పోతూ ఏ కవరుకో రాయికో తగిలి ఆ చీలిక విచ్చుకుంటుంది, లాక్ ఎగిరిపోతుంది, అతుకు జారుతుంది, చైను వెళ్ళి చక్రంలో చిక్కుకుంటుంది, బండి ఉన్నచోటే బిగుసుకుపోతుంది. వెనకాల లారీ ఉంటే ఇంక చెప్పక్కర్లేదు. అందుకే తల ముందుకి. ఆ మాట కూతురు ప్రియకి తనే నేర్పాడు, దానికి పదేళ్ళప్పుడు, చేపని అరచేతిలో పెట్టి మరీ నేర్పాడు. తల ముందుకి అన్నాడు. ముందుకి అంటే ఎటు ముందుకి? ఈ ప్రశ్న పోలరాజుకి యాభై మూడేళ్ళ వయసులో, విశ్వకర్మ పూజ రోజు పొద్దున్న తొమ్మిదిన్నరకి, సరిగ్గా పండితుడు గోత్రం అడుగుతున్నప్పుడు వచ్చింది.

ఎటు ముందుకి అంటే, చైను తిరిగేది కదా, నిలబడి ఉండేది కాదు. పై వరస వెనక చక్రం నుంచి ఇంజను వైపు పోతుంది, అంటే ముందుకి. కింది వరస ఇంజను దగ్గర్నుంచి వెనక చక్రానికి వస్తుంది, అంటే వెనక్కి. లాక్ పై వరసలో వేస్తే తల బండి ముందువైపు పెట్టాలి. కింది వరసలో వేస్తే తల బండి వెనకవైపు పెట్టాలి. చేప బండి పోయే వైపు ఈదదు, చైను పోయే వైపు ఈదుతుంది. ఇందులో పెద్ద శాస్త్రమేమీ లేదు, పోలరాజు వేళ్ళకి తెలుసు, ముప్పై ఏళ్ళుగా తెలుసు. కానీ నోటితో ఎప్పుడైనా అన్నాడా? గుర్తు చేసుకున్నాడు. పండితుడు మళ్ళీ గోత్రం అడిగాడు, పక్కనుంచి భార్య సన్యాసమ్మ చెప్పేసింది. అనలేదు. ఒక్కసారి కూడా అనలేదు. తను ఎప్పుడూ అతుకు పైనే కలుపుతాడు, వెనక చక్రానికున్న పెద్ద పళ్ళ చక్రం, అదే స్ప్రాకెట్, దాని పళ్ళ మీద, పైభాగంలో. అక్కడ రెండు కొసల్నీ పళ్ళే పట్టుకుంటాయి, చేతులు ఖాళీగా ఉంటాయి. అక్కడ వేసేవాడికి ముందుకి అంటే ముందుకే. కింద వేసే అవసరమే రానివాడు కింద సంగతి ఎందుకు చెబుతాడు? నిన్న సాయంత్రం ప్రియ చెయ్యి కింద ఉంది. అతుకు కింది వరసలో కలుపుతోంది. పోలరాజు తన కళ్ళతో చూశాడు. చూడనని మాటిచ్చి కూడా చూశాడు.

ఆ మాట సంగతి చెప్పుకోవాలంటే షెడ్డు గోడకి ఆనించి ఉన్న బోర్డు సంగతి చెప్పుకోవాలి. న్యూస్ పేపరు చుట్టి, తాడు కట్టి, మూడు నెలలుగా అక్కడే ఉంది. రాయించింది సన్యాసమ్మ. స్టేషను దగ్గర పెయింటరుకి తనే చెప్పి, హిందీలో పెద్ద అక్షరాలతో, పోలరాజు – ప్రియ, చైన్ సెట్ వాలే అని రాయించుకొచ్చింది. పిల్ల రెండేళ్ళు ఐటీఐలో ఫిట్టరు చదివింది, మూడేళ్ళుగా ఈ షెడ్డులో పని చేస్తోంది, దాని పేరు బయట ఉండాలి కదా అని ఆవిడ వాదన. పోలరాజుకి అభ్యంతరం లేదు. అభ్యంతరం లేదు గానీ వెంటనే సరే అంటే తను పోలరాజు ఎలా అవుతాడు? పేరు రాసుకోవడానికి పెయింటరు చాలడు, పని చూపించాలి అన్నాడు. తనకి ఆ పేరు ఊరికే రాలేదు. ఈ ముప్పై ఏళ్ళలో పోలరాజు వేసిన చైను దారిలో ఊడిందని ఎవడూ రాలేదు, పర్సుడీహ్ నుంచి కాసిడీహ్ దాకా ఎవణ్ణయినా అడగొచ్చు, అడగకపోయినా పోలరాజే చెబుతాడు.

"ఒక సెట్టు నువ్వొక్కదానివే వెయ్యి," అన్నాడు ప్రియతో. "నాను ముట్టను, సూడను, అడగను. ఆ బండి నడిసి నడిసి మన పూజకి తిరిగొచ్చి నిలబడితే, అప్పుడు బోర్డు కడదాం."

"ఠీక్ హై," అంది ప్రియ. తండ్రి తెలుగులో అంటే కూతురు హిందీలో అనడం ఆ ఇంట్లో మామూలే, పుట్టి పెరిగింది ఈ హిందీ ఊళ్ళో మరి. "లేకిన్ ఝాంకనా నహీ."

తొంగి చూడకూడదట. తన షెడ్డులో తను తొంగి చూడకూడదట. పోలరాజుకి నవ్వొచ్చింది అప్పుడు, సరే అన్నాడు. నిన్న సాయంత్రం నాగేంద్రబాబు బండి వచ్చింది. బిర్సానగర్‌లో ఉంటాడు, కంట్రాక్టులో ఫిట్టరు, విజయనగరం వైపువాళ్ళు, మాట నెమ్మది. చైను కటకటలాడుతోంది బాబాయ్, రేపు పూజకి మా ఆవిడ అనితనీ పాపనీ ఎక్కించుకుని తిరగాలి అన్నాడు. ప్రియ బండి వెనక్కి వెళ్ళి, పెద్ద స్ప్రాకెట్ వెనక భాగంలో చైనుని రెండు వేళ్ళతో పట్టుకుని లాగింది. పంటి మీంచి సగానికి పైగా లేచి వచ్చింది. పళ్ళు చూపించింది, ఒక పక్కకి అరిగి కొక్కేల్లా వంగిపోయాయి. నాగేంద్రబాబు అందరిలాగే చైను ఒక్కటి మార్చి చూడరాదూ అన్నాడు. పోలరాజు అయితే ఇక్కడ ఒక ఉపన్యాసం ఇచ్చేవాడు, పాత పళ్ళ మీద కొత్త చైను వేస్తే మూడు నెలల్లో అదీ పాతదే అవుతుందని. ప్రియ ఉపన్యాసం ఇవ్వలేదు. కొత్త చైను ముక్క ఒకటి తెచ్చి ఆ అరిగిన పళ్ళ మీద పెట్టి, నువ్వే కూర్చోబెట్టు, అన్నా, అంది. కూర్చోలేదు. ముందు స్ప్రాకెట్టూ వెనకదీ చైనూ మూడూ మార్చమన్నాడు నాగేంద్రబాబు. అది విని పోలరాజు లోపల్లోపల ఈల వేసుకున్నాడు.

అక్కడిదాకా బాగానే ఉంది. అక్కడినుంచి మాట ప్రకారం పోలరాజు వీపు తిప్పుకుని కూర్చున్నాడు. ఎదురుగా కిరసనాయిలు తొట్టె, అందులో పానాలు, స్క్రూ డ్రైవర్లు, ప్లాసులు, పూజకి మెరవాలి కదా, వాటితోపాటు తన సొంత బండి చైను కూడా విప్పి పడేశాడు, దేవుడి ముందు మడ్డి చైనుతో నిలబడితే బాగుంటుందా. పక్కనే చైను లేని తన బండి. ఆ బండికి అద్దం. తొంగి చూడకూడదు అంటే వెనక్కి తిరగకూడదనే కదా, అద్దంలోకి చూడకూడదని ఎవరూ అనలేదు. ప్రియ చక్రం విప్పడం కనిపించింది, పెద్ద స్ప్రాకెట్ బోల్టులు ఒకదాని తర్వాత ఒకటి కాకుండా ఎదురెదురుగా బిగించడం కనిపించింది, బాగుంది. చక్రం ఎక్కించింది. చైను మీదుండే పై కవరు స్క్రూలు తుప్పు పట్టి రాలేదు, ప్రియ వాటితో పోరాడలేదు, ఆ కవరుని అలాగే వదిలేసి కింది సగమే ఊడదీసింది, తెలివైన పనే. కానీ పై కవరు ఉంటే పైన అతుకు కలపడానికి చెయ్యి దూరదు. కాబట్టి కింద కలిపింది. చేప కోసం అరచెయ్యి చాపి, కాగితంలోంచి తీసుకుని, వంగింది. సరిగ్గా అప్పుడు లైటు దాని వీపు మీద పడి నీడ కమ్మింది. పైగా అది అద్దం. అద్దంలో కుడి ఎడమవుతుంది, ముందు వెనకవుతుంది, ఆ చేప తల ఎటుందో విశ్వకర్మే చెప్పాలి.

ఆయన చెప్పడం లేదు. పండితుడు చెబుతున్నాడు, గబగబా చెబుతున్నాడు, ఈ వీధిలో ఇంకా తొమ్మిది షెడ్లు ఉన్నాయి ఆయనకి, మంత్రానికీ మంత్రానికీ మధ్య గాలి కూడా పీల్చడం లేదు. చేతిలో నీళ్ళు పోశాడు. పోలరాజు నీళ్ళు పట్టుకుని కూర్చున్నాడు. పక్క వెల్డింగు షెడ్డులో సౌండ్ బాక్సు భోజ్‌పురి పాటతో షెడ్డు రేకుల్ని అదరగొడుతోంది. బయట ఎండ, నిన్నటి వాన నీళ్ళు గుంటల్లో ఆరుతున్నాయి, బంతిపూల వాసన, అగరొత్తుల వాసన, వాటి కింద ఎంత కడిగినా పోని గ్రీజు వాసన. ఎర్ర గుడ్డ మీద పనిముట్లన్నీ వరసగా, పెద్ద పానా నుంచి చిన్న పానా దాకా, ఒక్కోదానికీ సింధూరం బొట్టు, మధ్యలో ప్లాసు, దాని మీద బంతి పువ్వు. ఇవాళంతా వాటికి సెలవు. రేపు పొద్దున్న దాకా ఒక్కటి కూడా ఎత్తకూడదు. భీమారావు టెక్కలి వైపునుంచి ఈ ఊరికి వచ్చినప్పుడు దసరాకే ఆయుధపూజ చేసేవాడు, తర్వాత ఈ ఊరి పూజ కూడా పట్టుకున్నాడు, పనిముట్లకి ఏడాదికి రెండు సెలవులు మనకి ఒక్కటీ లేదు అని నవ్వేవాడు. ఆ సెలవు రోజున ఒకసారి జిల్లా పెద్ద ఆఫీసరు ఎవరో జీపు ఆగిపోయిందని వస్తే భీమారావు కుర్చీ వేసి, టీ ఇప్పించి, ప్రసాదం పెట్టి, రేపు రండి అన్నాడు. పోలరాజు కూడా అంతే. ఇవాళ పర్సుడీహ్ మొత్తం చైన్లు తెగినా ప్లాసు ఎత్తడు.

మరి ఆ చేప తల తప్పుంటే? నీళ్ళు విడవమన్నాడు పండితుడు. విడిచాడు. విడిచిన చెయ్యి పంచె కొసకి తుడుచుకుని, అదే చేత్తో జేబులో ఫోను తీసి, నాగేంద్రబాబు పేరు నొక్కాడు. రింగు అవుతోంది. రింగు అవుతూనే ఉంది. ఎత్తడం లేదంటే బండి మీద ఉన్నాడు.

"ఏటయ్యా, దేవుడి ముంగల ఫోనేటి?" సన్యాసమ్మ పెదవులు కదలకుండా అంది. "పంతులుగోరు సూత్తన్నారు."

"నాగేంద్రబాబుకి సేత్తన్నాను. ఇంకా రానేదేటని."

"వత్తాడు. పిల్లని తయారుసెయ్యొద్దేటి. కూకో సల్లగా."

ఆవిడకి అవతల ప్రియ కూర్చుంది. పసుపురంగు చుడీదారు, దుపట్టా నెత్తి మీద కప్పుకుని, కళ్ళు మూసుకుని, మొహం మీద ఒక్క ముడత లేదు. గోళ్ళ చివర మాత్రం నల్లగా ఉంది, అది పోదు, తనకీ పోలేదు. అడిగితే ఒక్క ముక్క. చేప ఎటు పెట్టావమ్మా? ఒక్క నిమిషం పని. కానీ అడగను అన్నాడు. ముట్టను, చూడను, అడగను. రెండోదానికి ఎలాగూ నీళ్ళొదిలాడు. మూడోది కూడా వదిలితే, ఈ పండితుడి ముందు, ఈ పక్క షెడ్లవాళ్ళ ముందు, నీ పని మీద నాకు నమ్మకం లేదని కూతురికి మైకులో చెప్పినట్టే. అది లేచి బోర్డు ఇంకో చుట్టు కాగితం చుట్టి మూలన పెడుతుంది. అదే భయం పోలరాజుకి. చైను కంటే అదే ఎక్కువ భయమా? కాదు. నాగేంద్రబాబు ముందు ట్యాంకు మీద సోనీ కూర్చుంటుంది, నాలుగేళ్ళది, రెండు జడలు. వెనక అనిత పక్కకి కూర్చుంటుంది, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో, పూజ సంచి ఒక చేత్తో. బిర్సానగర్ నుంచి బర్మా మైన్స్, అక్కడ లారీల వరస, అక్కడినుంచి స్టేషను, స్టేషను పక్కన రైలు వంతెన కింద దారి, ఎప్పుడూ నీళ్ళు నిలిచే గుంట, ఆ గుంటలో దిగి ఎక్కేటప్పుడే చైను మీద బరువంతా పడేది. పోలరాజుకి ఇరవై ఏళ్ళప్పుడు ఆ వంతెన కిందే చూశాడు. ఎవరో, ఎక్కడ వేయించుకున్నాడో, చైను ఊడి చక్రం పట్టేసి బండి అడ్డంగా పడింది, మనిషి ఇటు, టిఫిను డబ్బా అటు. బతికాడు. కాలు మాత్రం వంకరగానే అతుక్కుంది. భీమారావు వెళ్ళి ఊడిన చైను చేతిలోకి తీసుకుని, అతుకు దగ్గర వేలు పెట్టి, కొడుక్కి చూపించాడు. ఆయన అసలే మాట తక్కువ మనిషి. వేలు పెట్టి చూపించడమే ఆయన బడి.

అక్కడే వచ్చింది తంటా. భీమారావు చేత్తో నేర్పాడు, పోలరాజు చేత్తో నేర్చుకున్నాడు, నేర్పేటప్పుడు మాత్రం నోటితో నేర్పాడు. చేతికి తెలిసిన దాంట్లో నోటికి వచ్చింది సగమే. సగం మాట ఇచ్చి మొత్తం బండి అప్పగించాడు. తప్పు జరిగితే ప్రియది కాదు, తనది. ఆ సంగతి ఒప్పుకోవడానికి పోలరాజుకి కష్టమేమీ అనిపించలేదు, ఆశ్చర్యంగా, తేలిగ్గానే ఉంది. పిల్ల తప్పు చేసిందనుకోవడం కంటే తను సగం చెప్పాడనుకోవడమే నయంగా ఉంది. తను అయితే ఇలాంటి తప్పు చెయ్యడు, అది వేరే సంగతి. నిన్ననే చూడండి. నాగేంద్రబాబు కొత్త చైనుతో వెళ్ళిపోయాక, చీకటి పడే వేళకి, తొట్టెలోంచి తన చైను తీసి తుడిచి తన బండికి ఎక్కించుకున్నాడు. మోకాలు వాన పడితే మొరాయిస్తుంది, వంగి పైకి చేతులు చాపడం ఎవడి వల్ల అవుతుంది, నేల మీద గోనె పరుచుకుని చతికిలబడి, చేతికి అందిన చోట కలిపి, చేపని టక్కున బిగించి లేచాడు. లైటు వెయ్యమంటావా అని ప్రియ అడిగితే అక్కర్లేదన్నాడు. ఐదు నిమిషాలు. కళ్ళతో పని లేదు, వేళ్ళు చాలు. దాని మీదే పొద్దున్న సన్యాసమ్మని ఎక్కించుకుని, ఒళ్ళో కొబ్బరికాయల సంచితో, కరన్‌డీహ్‌లోని ఇంటి నుంచి షెడ్డుకి వచ్చాడు. చైను సడి లేదు. అరే పోలరాజూ, నీకు నువ్వే సాటి అనుకుంటూ వచ్చాడు.

కొబ్బరికాయ కొట్టమన్నాడు పండితుడు. ఒక్క దెబ్బకి రెండు చెక్కలు. సన్యాసమ్మ మొహం విచ్చుకుంది. పోలరాజు గుండె కూడా కొంచెం కుదుటపడింది, కొబ్బరికాయ వల్ల కాదు, ఇంకోటి గుర్తొచ్చి. నిన్న అతుకు కలిపాక ప్రియ చేసింది గుర్తొచ్చింది. చైను కింది నుంచి వేలితో పైకి ఎత్తి చూసింది, వదులు ఎంతుందో. రెండు వేళ్ళ మందం ఉండాలి. చూసి ఊరుకోలేదు. చక్రం పావు చుట్టు తిప్పింది, మళ్ళీ ఎత్తింది. ఇంకో పావు, మళ్ళీ ఎత్తింది. చైను అన్ని చోట్లా ఒకేలా వదులుండదు, ఒకచోట బిగుసుకుంటుంది, ఆ బిగువు దగ్గర సరిచూసుకోవాలి. నాలుగు చోట్లా చూసింది. చక్రం రెండు పక్కలా గీతలు ఒక్కటిగా ఉన్నాయా అని అటు వెళ్ళి చూసింది, ఇటు వచ్చి చూసింది. చెవి దగ్గర పెట్టి విన్నది. ఇవన్నీ అద్దంలో చూస్తూ పోలరాజు తనకి తెలియకుండానే తల ఊపాడు. చక్రం అన్నిసార్లు తిప్పిన పిల్ల చైను ఎటు పోతోందో చూడకుండా ఉంటుందా? అది చిన్నప్పటినుంచీ అంతే. ఒక మాట చెబితే నమ్మదు, తిప్పి చూస్తుంది. ఏడేళ్ళప్పుడు సైకిలు పెడలు వెనక్కి తొక్కితే ఎందుకు పోదు అని అడిగింది, పోదు అంతే అన్నాడు తను. సాయంత్రానికి వెనక చక్రం మధ్యలో ఉన్న పళ్ళన్నీ నేల మీద ఉన్నాయి, చిన్న చిన్న ఇనప గుండ్లు బల్ల కింద దొర్లుతున్నాయి. ఒకటి తగిలించాడు వీపు మీద. ఏడవలేదు, ఒక గుండు ఇంకా దొరకలేదు ఉండు అంది. ఆ పిల్లకి తను సగం చెప్పాడు నిజమే. కానీ సగంతో ఊరుకునే రకమా అది? కాదు. పెట్టే ఉంటుంది. సరిగ్గానే పెట్టి ఉంటుంది. నూటికి తొంభై తొమ్మిది. ఆ ఒక్కటీ మాత్రం రైలు వంతెన కింద గుంటలో నిలబడి, రెండు జడలు వేసుకుని, పోలరాజు వైపే చూస్తోంది.

హారతి. గంట సన్యాసమ్మ చేతిలో ఉంది, సౌండ్ బాక్సుని మించి వాయిస్తోంది. అందరూ లేచారు, పోలరాజు మోకాలు పట్టుకుని లేచాడు. హారతి పళ్ళెం చుట్టూ తిరుగుతుండగా, గంటలోంచి, పాటలోంచి, బజారు రొదలోంచి ఒక సడి వేరుపడి వచ్చింది. బండి. నూట పాతిక సీసీ, మూడో గేరు, రెండో గేరు. ఇంజను సడి తప్ప ఇంకోటి లేదు, నిన్నటి కటకట లేదు, గొలుసు నూనెలో మునిగి పరుగెడుతున్నట్టుంది. పోలరాజు దణ్ణం పెట్టుకున్న చేతులు అలాగే ఉంచి ఇటు తిరిగాడు. దేవుడికి వీపు చూపించడం మర్యాద కాదు, ఆయన క్షమిస్తాడు, ఆయనా పనివాడే.

"ఆలీసమైపోనాది బాబాయ్, బర్మా మైన్స్ కాడ జామ్," అన్నాడు నాగేంద్రబాబు, కాలు దించుతూ. సోనీ ట్యాంకు మీదుంది, జడలకి ఎర్ర రిబ్బన్లు. అనిత చీర సర్దుకుంటూ దిగింది. "బండి కొత్తదైపోనాది. సెల్లి ఏటి సేసిందో గానీ సడే నేదు."

పోలరాజు ముందు సోనీని ఎత్తుకుని దింపాడు. అవసరానికి మించి కొంచెంసేపు పట్టుకున్నాడు, పిల్ల గింజుకుంది. తర్వాత పళ్ళెంలోంచి బంతిదండ తీసుకుని, బండికి కడతాను అని ఎవరూ అడక్కపోయినా చెప్పి, ఎడమవైపుకి వెళ్ళి, మోకాలు అరుస్తున్నా లెక్క చెయ్యకుండా గొంతుక్కూర్చున్నాడు. వంగిపోయిన కింది కవరు ప్రియ మళ్ళీ బిగించలేదు, చైను తెరిచే ఉంది. చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పాడు. చైను లింకులు ఒక్కటొక్కటే వచ్చాయి, కొత్తవి, మెరుస్తూ. కింది వరసలో చేప వచ్చింది. తల వెనక్కి ఉంది. చైను పోయే వైపు. వేలు పెట్టి తడిమాడు, తోక రెండు పిన్నుల గాడిలో నిండా కూర్చుంది. ఇంకాస్త తిప్పాడు, అది వెనక్కి ఈదుకుంటూ వెళ్ళి, పెద్ద స్ప్రాకెట్ చుట్టూ ఎక్కి, పై వరసలో తల ముందుకి పెట్టుకుని పై కవరు కిందకి వెళ్ళిపోయింది. పోలరాజుకి కళ్ళు చెమ్మగిల్లాయి, సాంబ్రాణి పొగ అనుకోమన్నట్టు ఒకసారి దగ్గాడు. దండ కట్టడం మర్చిపోయి చేతిలోనే పట్టుకుని లేచాడు. ఇప్పుడు చెప్పాలి, అందరి ముందూ, గట్టిగా చెప్పాలి. చెప్పడానికి ప్రియ కోసం చూశాడు. ప్రియ ఇటు లేదు. సింధూరం గిన్నె పట్టుకుని, షెడ్డులోని బండ్లన్నిటికీ బొట్లు పెడుతూ, పోలరాజు సొంత బండి పక్కన కూర్చుని ఉంది. కూర్చుని, బొట్టు పెట్టిన వేలు చైను మీదే ఉంచి, తండ్రి వైపు చూస్తోంది.

"నాన్నా," అంది. దగ్గరికి వచ్చేదాకా ఆగి, ఎవరికీ వినపడకుండా గొంతు తగ్గించింది. "ఆప్‌కీ మఛ్లీ ఉల్టీ హై."

నీ చేప తిరగేసి ఉంది అంటోంది. పోలరాజు వంగాడు. ఆ బండికి కింది కవరు ఎప్పుడో ఊడిపోయింది, అంతా తెరిచే ఉంది. కింది వరసలో అతుకు. దాని మీద చేప, తల ఇంజను వైపు, ఠీవిగా, ముప్పై ఏళ్ళ అలవాటుతో, తల ముందుకి. తోకలో ఒక కొస అప్పుడే కొంచెం విచ్చుకుని ఉంది, వెంట్రుకవాసి. దాని మీద సన్యాసమ్మని ఎక్కించుకుని, కొబ్బరికాయల సంచితో, నీకు నువ్వే సాటి అనుకుంటూ వచ్చాడు. చెవులు వేడెక్కాయి, సిగ్గు అంటే అదే. మోకాలి మీద తోసేద్దామనుకున్నాడు, చీకటి మీద తోసేద్దామనుకున్నాడు, రెండూ నిజాలే, రెండూ చాలవు. పైన వేసి వేసి ముందుకి అని అలవాటైన వేళ్ళు, కింద కూడా ముందుకే పెట్టేశాయి, అడగలేదు, ఆలోచించలేదు. అయినా ఆ సిగ్గు కింద, భయం కింద, ఇంకోటేదో మెల్లగా పొంగుతోంది. అది సంతోషమని పోలరాజుకి గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది.

"కింద ఎనక్కి ఎట్టాలని నీకెవులు సెప్పినారు?" అన్నాడు.

"ఎవులూ సెప్పనేదు," అంది ప్రియ, ఈసారి తెలుగులోనే. "తిప్పి సూసినాను."

ఆమె చూపు ఎర్ర గుడ్డ వైపు వెళ్ళింది, బంతిపువ్వు కింద ప్లాసు వైపు. అది లేకపోతే చేప రాదు. తియ్యనా అన్నట్టు తండ్రి వైపు చూసింది. పోలరాజు తల అడ్డంగా ఊపాడు. పర్సుడీహ్ మొత్తం చైన్లు తెగినా ఎత్తనని అనుకున్నవాడు తన చైను కోసం ఎత్తుతాడా? బండిని స్టాండు మీంచి దించి, నెమ్మదిగా నెట్టుకుంటూ షెడ్డు ముందుకి తెచ్చి, రేపటి పనికి బండ్లు నిలబెట్టే వరసలో అన్నిటికంటే ముందు నిలబెట్టాడు.

"అదేటి, నడిపించుకుని వత్తన్నావు?" అంది సన్యాసమ్మ, ప్రసాదం దొప్పలు పంచుతూ. "మనం ఇంటికెలా ఎల్తాం?"

"ఆటోలో ఎల్దాం."

"బండికేటైనాది?"

దాచొచ్చు. పెట్రోలు లేదనొచ్చు. పండితుడు, నాగేంద్రబాబు, అనిత, పక్క వెల్డింగు షెడ్డువాళ్ళు, అందరూ ఉన్నారు. ప్రియ కళ్ళతోనే వద్దు అంటోంది, పోనీలే అంటోంది. పోలరాజు గోడ దగ్గరికి వెళ్ళాడు, బోర్డు చుట్టూ ఉన్న తాడు లాగాడు, కాగితం బర్రున చింపాడు. మూడు నెలల దుమ్ము లేచింది.

"చైన్ లాక్ తప్పు యేసినాను," అన్నాడు, అందరికీ వినపడేలా. "నానే. పాప పట్టుకుంది. బాబూ, ఆ పక్క పట్టు, బోర్డు కడదాం."

నాగేంద్రబాబు ఒక కొస ఎత్తాడు. పానా అక్కర్లేదు, ప్లాసు అక్కర్లేదు, సన్యాసమ్మ ముందే రెండు పక్కలా తీగ కట్టించి ఉంచింది, కొక్కేలకి తగిలించి చేత్తో మెలిపెడితే చాలు. కొంచెం ఎడమకి ఒరిగింది, రేపు సరిచేద్దామన్నారు. పోలరాజు వెనక్కి నడిచి, ఎండలో కళ్ళు చికిలించి, రెండు పేర్లూ చదువుకున్నాడు. తర్వాత జేబులోంచి తన బండి తాళం తీసి ప్రియ చేతిలో పెట్టాడు.

"రేపు పొద్దున్న మొదటి బండి నాది," అన్నాడు. "నువ్వే సూడాల. నాను ముట్టను, సూడను, అడగను."

ప్రియ తాళాన్ని దుపట్టా కొసకి ముడేసుకుంది.

"ఔర్ షీశే మే భీ నహీ," అంది. అద్దంలో కూడా కాదట.